మల్లి మెడ

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, కారులోంచి సంచులు కూడా దించకముందే మా పెద్దది గొడ్ల చావిట్లోకి పరిగెత్తింది. టంగుటూరు దగ్గర మా ఊరు. ఒకప్పుడు రెండు జతలు కట్టేసి ఉండే ఆ చావిట్లో ఇప్పుడు మిగిలింది ఒక్క ముసలి ఎద్దు. దాని జత ఎప్పుడో పోయింది. దీని మెడ మీంచి కాడి దించి ఆరేళ్ళయింది. అమ్మమంటే మా నాన్న అమ్మడు.

పాప నేరుగా వెళ్ళి ఎద్దు మీద చెయ్యి వెయ్యలేదు. దానికి కనపడేలా ఎదురుగా నిలబడి, పిలిచి, అది తలెత్తి చూశాక పక్కకు వచ్చింది. మూపురానికి ముందు, కాడి ఆనే చోట, చర్మం నల్లగా కాయ కాసి ఉంటుంది. అక్కడ అరచెయ్యి ఆనించి, "తాతయ్యా, ఇక్కడ నొప్పిగా ఉంటదా?" అని అడిగింది.

"ఇప్పుడు లేదమ్మడూ. చలికి పొద్దున పూట బిగుసుకుంటది. కాస్త ఎండ తగిలితే సర్దుకుంటది" అన్నాడు నాన్న.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పాపకు పదకొండేళ్ళు. మెల్‌బోర్న్‌లోనే పుట్టింది. మూడేళ్ళు ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్ళాం. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది కానీ నోరు మాత్రం విప్పేది కాదు. తాతయ్యతో ఫోన్లో "బాగున్నావా, తిన్నావా, బై" తప్ప నాలుగో మాట ఉండేది కాదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, తెలుగులో అడిగితేనే ఇస్తానని బెదిరించాను కూడా. అలాంటి పిల్ల ఎద్దు మెడ గురించి తాతను తెలుగులో ఆరా తీస్తోంది. ఇదంతా ఒక కుక్క వల్ల వచ్చింది.

పోయిన ఆగస్టులో మా ఇంటికి ఒక గ్రేహౌండ్ కుక్క ఫాస్టర్‌కు వచ్చింది. ఆడది, తొమ్మిదేళ్ళది, పేరు మిల్లీ. మా నాన్న నోటికి ఆ పేరు మల్లి అయింది, తర్వాత మాకూ అదే అలవాటయింది. ఫాస్టర్ అంటే దత్తత కాదు. కుక్కకు శాశ్వతంగా ఒక ఇల్లు దొరికే వరకు మన దగ్గర ఉంచుకుని చూసుకోవడం. మందుల ఖర్చు, పెద్ద నిర్ణయాలు కుక్కల్ని కాపాడే సంస్థవి. తిండి, నడక, కనిపెట్టుకుని ఉండడం మనవి. మల్లిని పెంచిన పెద్దావిడ వృద్ధాశ్రమానికి వెళ్ళాల్సి వచ్చి దాన్ని వదులుకుంది. "ఎవరి కుక్కనో మీరెందుకే సాకడం?" అంది అమ్మ. అది సోఫా మీద పడుకున్న ఫోటో చూసి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మనూ తప్పు పట్టలేను. మా ఊళ్ళో కుక్క గడప దాటి లోపలికి రాదు. నాకే చిన్నప్పటి నుంచి కుక్కలంటే భయం.

గ్రేహౌండ్లు పందేల కుక్కలు. ఏడాదిన్నర వయసులో పరుగు పందేలకు దింపుతారు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి చాలావాటి పని అయిపోతుంది. ఆ తర్వాత ఇంకా ఏడెనిమిదేళ్ళ బతుకుంటుంది. మనిషితో చాలా మెత్తగా ఉంటాయి. ఒంటి మీద కొవ్వు ఉండదు కాబట్టి చలికి ఓర్చుకోలేవు. మెల్‌బోర్న్ ఆగస్టులో మల్లికి ఇంట్లో కూడా కోటు తొడిగే ఉంచాం.

వచ్చిన మూడో వారం, రాత్రి రెండున్నరకు ఒక కేక వినపడింది. కుక్క అరుపులా లేదు. పిల్లలకేదో అయిందనుకుని పరిగెత్తాను. మల్లి హాలు మధ్యలో నిలబడి ఉంది. తల వీపు కంటే కిందికి దిగిపోయింది. మెడ కర్రలా బిగుసుకుంది. ముందు కాలు ఒకటి కొద్దిగా ఎత్తి పట్టుకుని ఒళ్ళంతా వణుకుతోంది. నేను చెయ్యి చాపితే కళ్ళు మాత్రం తిప్పింది, తల తిప్పలేదు.

పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్ నోరు తెరిచి పళ్ళు చూసింది, చెవులు చూసింది. ఈ జాతికి పళ్ళ జబ్బులు ఎక్కువట, నోట్లోనో చెవిలోనో బాధ ఉన్నా మెడ అలా పట్టుకోవచ్చట. ఒక్కో పాదాన్ని వెనక్కి మడిచి నేల మీద పెట్టి, కుక్క వెంటనే సరిచేసుకుంటుందా అని చూసింది. సరిచేసుకుంది. అంటే కాళ్ళకు నరాల కబురు అందుతోంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఎక్స్‌రేలో ఎముక తెలుస్తుంది కానీ, పూసల మధ్య డిస్కు, వెన్నుపాము తెలియవు. అవి చూడాలంటే ఎమ్మారై తీయాలి, దానికి పూర్తిగా మత్తివ్వాలి, ఖర్చు కొన్ని వేల డాలర్లు. పైగా గ్రేహౌండ్ల ఒంటి తీరు వేరు. కొన్ని పాత మత్తుమందులు వీటి ఒంట్లోంచి త్వరగా దిగవు. రక్త పరీక్షలో ఎర్రకణాలు ఎక్కువగా, థైరాయిడ్ తక్కువగా రావడం వీటికి మామూలే. ఆ సంగతి తెలిసిన డాక్టర్ దొరకడం మా అదృష్టం. కాళ్ళు బాగున్నాయి కాబట్టి ముందు కొన్ని వారాలు విశ్రాంతి, మందులు అంది. కాగితం మీద 'మెడ నొప్పి, కారణం తెలియలేదు' అని రాసిచ్చింది.

ఆ మాట పాపకు మింగుడు పడలేదు. "డాక్టర్‌కే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని కారులో ఇంగ్లీషులో ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఏం తోచక నాన్నకు వీడియో కాల్ చేశాను. మాకు రాత్రి ఎనిమిదిన్నర అంటే అప్పట్లో ఊళ్ళో సాయంత్రం నాలుగు, ఆయన చావిడి ఊడ్చే వేళ.

ముందు అమ్మ అందుకుంది. బామ్ రాయమంది, సగం జ్వరం బిళ్ళ వెయ్యమంది. నిజం చెప్పాలంటే డాక్టర్ చెప్పి ఉండకపోతే ఆ సగం బిళ్ళ నేనే వేసేదాన్ని. మనుషుల నొప్పి బిళ్ళలు కుక్కలకు మన చేత్తో వెయ్యకూడదు. ఐబుప్రోఫెన్ వాటి కడుపులో పుళ్ళు చేస్తుంది, కిడ్నీలు పాడు చేస్తుంది. పారాసిటమాల్ మోతాదు తప్పితే లివర్‌కు, రక్తానికి ప్రమాదం. బామ్ నాకేస్తే కడుపులోకి పోతుంది. ఇవి నాకు తెలియకపోవడం తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

నాన్న ఏ మందూ చెప్పలేదు. "ఫోను కుక్క దగ్గర పెట్టు" అన్నాడు. కాసేపు చూశాడు. "తింటోందా?" అన్నాడు. రెండు రోజులుగా గిన్నె ముట్టడం లేదన్నాను. "నీ చేత్తో పెట్టు" అన్నాడు. పెట్టాను. గబగబా తింది.

"దానికి ఆకలి లేక కాదమ్మా, వంగలేకపోతోంది. గిన్నె ఎత్తు మీద పెట్టు."

చిన్నోడు బాత్రూంలో ఎక్కి పళ్ళు తోముకునే ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దాని మీద గిన్నె పెట్టాం. మల్లి నిలబడి, తల దించకుండా, మొత్తం తినేసింది. పాప దాన్నే చూస్తూ కూర్చుంది. ఎన్నడూ లేనిది ఆ రాత్రి తాతయ్యకు తనే మళ్ళీ ఫోన్ చేసింది.

ఆ తర్వాత అది రోజువారీ పనయింది. "పిలిస్తే ఎటు తిరుగుద్దో చూడు" అని నాన్న అంటే, పాప కుడి వైపు నిలబడి పిలిచేది, ఎడమ వైపు నిలబడి పిలిచేది. కుడికి మెడ తిప్పేది. ఎడమకు మాత్రం ఒళ్ళంతా తిప్పుకుని వచ్చేది. ఇది తాతయ్యకు చెప్పాలంటే మాటలు కావాలి కదా. మెడ, డొక్క, వెన్ను, బిగుసుకోవడం, తూలడం, మూలగడం, ఒక్కో మాటా నన్నడిగి రాసుకుంది. తెలుగు బడిలో రంగులూ పండ్లూ నేర్పారు. వాటితో తాతకు చెప్పాల్సిన కబురు ఒక్కటీ లేదు మరి. పాప నోటుపుస్తకంలో ఒక పేజీ నా దగ్గర ఫోటో ఉంది: "పొద్దున 7. ఎడమ లేదు. మూలిగింది 1. ఎండలో పడుకుంది. మద్యానం ఎడమ కొంచెం." వత్తు లేని ఆ 'మద్యానం' నేను దిద్దలేదు.

రెండో వారం ఆ పుస్తకం డాక్టర్ ముందు పెట్టి, పాపే ఇంగ్లీషులో చదివి వినిపించింది. డాక్టర్ మెడ ఎడమ వైపు కండరాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట మల్లి చర్మం అదిరింది. పొద్దున ఎక్కువగా ఉండి, వెచ్చదనానికి తగ్గుతోందని తెలిశాక రాత్రి మందు వేళ మార్చింది. వెచ్చటి గుడ్డ కాపడం పెట్టమంది.

మెడకు కాలర్ పట్టీ వద్దంది. గ్రేహౌండ్‌కు తల సన్నం, మెడ లావు, మామూలు పట్టీ అయితే జారిపోతుంది. అందుకని లాగితే బిగిసే వెడల్పాటి పట్టీ వేస్తారు. మెడ నొప్పి ఉన్నప్పుడు అది కూడా తీసేసి, ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు వాడాలి. పాప ఇది చెబితే నాన్న వెంటనే అందుకున్నాడు: "అంతే కదమ్మా, మెడ సరిగా లేని ఎద్దుకు ముందు కాడి దించాల." తల మీదుగా తొడిగే కోటు మార్చి, వీపు మీద వేసి పొట్ట కింద బకిల్ పెట్టేది కొన్నాం. నున్నటి టైల్స్ మీద కాలు జారితే ఆ కుదుపు మెడకే తగులుతుంది. అందుకే ఇంట్లో ఉన్న యోగా మ్యాట్లన్నీ మంచం నుంచి తలుపు దాకా పరిచాం. మెట్లు, సోఫా బంద్. నడక పది నిమిషాలే. తూలినా, కాలి వేళ్ళు ముడుచుకుని ఈడ్చినా, మూత్రం ఆగినా రాత్రీ పగలూ చూడకుండా తీసుకురమ్మని డాక్టర్ చెప్పింది. ఆ మూడూ ఫ్రిజ్ మీద రెండు భాషల్లో అంటించుకున్నాం.

చిన్నోడికి ఆరేళ్ళు. వాడి గురించే నాకు ఎక్కువ టెన్షన్. నిద్రలో తాకితే గ్రేహౌండ్లు ఉలిక్కిపడతాయి, నొప్పి కూడా తోడైతే కరవొచ్చు. ఎన్నిసార్లు చెప్పినా వాడి చెవికెక్కలేదు. నాన్న ఒక్కసారి చెప్పాడు: "ఎద్దు వెనక నుంచి పోకూడదు నాయనా. ఎదర నిలబడి పిలువు. అది చూశాక పో." అది వాడికి ఎక్కింది. చావిట్లో పాప ఎదురుగా నిలబడి పిలిచింది కూడా అందుకే.

మల్లికి ఆరు వారాలు పట్టింది. తల వీపు పైకి లేచింది. స్టూలు మాత్రం తీయలేదు. ఎందుకొచ్చిందో, ఎలా తగ్గిందో డాక్టర్ కూడా కచ్చితంగా చెప్పలేదు. డిసెంబరులో బడి సెలవులకు ఇండియా బయల్దేరేటప్పుడు దాన్ని ఇంకో ఫాస్టర్ కుటుంబానికి అప్పగించాం. పాప నోటుపుస్తకం కూడా వాళ్ళకే ఇచ్చి వచ్చింది.

సంక్రాంతి రోజుల్లో పక్క ఊళ్ళో బండలాగుడు పోటీలకు నాన్న పిల్లల్ని తీసుకెళ్ళాడు. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అంటూ ఎద్దుల వయసును బట్టి జతల్ని విడదీసి దింపుతారు. ఒంగోలు గిత్తల్ని అంత దగ్గర నుంచి చూడడం పిల్లలకు అదే మొదటిసారి. దారిలో నాన్న కరవది ఎద్దు సంగతి చెప్పాడు. ఒంగోలు పక్కన కరవది పేరు పెట్టుకున్న ఆబోతు 1960లలో బ్రెజిల్ వెళ్ళింది. అక్కడి తెల్ల పశువుల జాతి పేరు నెలోర్, మన నెల్లూరే. "వాటికి తెలుగొచ్చా?" అన్నాడు చిన్నోడు. "హో అంటే ఆగుతాయేమో" అన్నాడు నాన్న.

బండ కదిలింది. జనం కేకలు, ఈలలు, దుమ్ము. చెర్నాకోల దెబ్బ చప్పుడుకు పాప నా చెయ్యి పట్టుకుంది. రెండో జత దిగేసరికి "ఇంటికెళ్దాం" అంది.

దారిలో నాన్నను నిలదీసింది. తెలుగు సగం, ఇంగ్లీషు సగం. కుక్క పందేలు తప్పని బడిలో తను ప్రాజెక్టు చేసింది. కాన్‌బెర్రాలో 2018లో ఆపేశారు. న్యూ సౌత్ వేల్స్‌లో 2016లో ఆపుతామని ప్రకటించి, కొన్ని నెలలకే వెనక్కి తీసుకున్నారు. మేముండే రాష్ట్రంలో ఇంకా నడుస్తున్నాయి. కుక్కలకు తప్పయినప్పుడు ఎద్దులకు ఎలా ఒప్పయింది?

నాన్న గిత్తల మధ్యే పెరిగిన మనిషి. కోప్పడతాడనుకున్నాను. చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. "ఆ గిత్తలకు మేం పిల్లలకన్నా మంచి తిండి పెడతామమ్మడూ. ఉలవలు ఉడకేసి పెడతాం" అన్నాడు. పాప ఒప్పుకోలేదు. "మిల్లీకి కూడా మంచి తిండే పెట్టారు" అంది. ఆయన తల ఊపాడు. ఎవరూ గెలవలేదు. నేనూ తీర్పు చెప్పలేదు. నాకు ఆ పోటీలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. పాప అడిగింది తప్పని కూడా అనలేను. మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి ముసలి ఎద్దును చావిట్లోంచి తెచ్చి ఎండ పడే చోట కట్టేశారు.

తిరిగొచ్చాక మల్లి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. ఇక్కడిప్పుడు చలి మొదలవుతోంది. కొన్ని పొద్దుటలు ఎడమ వైపు మెడ తిరగదు, మధ్యాహ్నానికి తిరుగుతుంది. దాని లెక్క తాతయ్యకు అప్పజెప్పాక పాప ఊరుకోదు, ఎద్దు లెక్క అడుగుతుంది. ఆయన ఫోను చావిట్లోకి తీసుకెళ్తాడు. కెమెరా సరిగ్గా పట్టుకోవడం ఆయనకు ఇంకా రాదు. తెర నిండా గంగడోలు తప్ప ఏమీ కనపడదు. పాప దాన్నే చూస్తూ అంటుంది, "ఇప్పుడు ఎడమ పక్కకి వచ్చి పిలువు తాతయ్యా."