మూడు వందల అడుగులు ఎక్కణ్ణించి?

మా ఆయన రెండుసార్లు వచ్చి లైటు చూసి వెళ్ళారు. ఇంకా ఆర్పలేదు. ఆ నోటీసుల జాబితా బుర్రలోంచి పోవట్లేదు.

ఇక్కడ అమెరికాలో వేరియన్స్ అంటే కట్టడాల నియమం నుంచి ఒక స్థలానికి ఇచ్చే సడలింపు. ఆ కేసంటే ఊరి బోర్డు ముందు వాదనే అనుకుంటారు. స్థలం ఇరుకైతే, ఏటవాలుగా ఉంటే, ఆకారం వంకరైతే సెట్‌బ్యాక్, అంటే హద్దుకీ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీ, సడలించమని అడగొచ్చు. ఆ ఇబ్బంది నేలలో ఉండాలి, యజమాని జేబులో కాదు. ఇదంతా బాగానే నడుస్తుంది. కేసు కూలేది పక్కవాళ్ళకి పంపే నోటీసు కవర్ల దగ్గర.

ఈ ఊరి ఆర్డినెన్సులో, అంటే స్థానిక చట్టంలో, 300 అడుగుల లోపు యజమానులందరికీ హియరింగ్ నోటీసు వెళ్ళాలి. స్థలం హద్దు నుంచి కొలవాలి. మ్యాపులో స్థలం మధ్య పిన్ను గుచ్చి గుండ్రంగా గీస్తే అంచున ఉన్నవాళ్ళు ఎగిరిపోతారు. ఒక్కో ఫ్లాటుకి ఒక్కో యజమాని ఉండే కాండో భవనాన్ని ఒక్క చిరునామాగా లెక్కేస్తే లోపలున్న యజమానులంతా మాయం. పన్ను రికార్డు పాతదైతే ఇల్లు అమ్మేసినవాళ్ళకి వెళ్తుంది కవరు. ఇవాళ జరిగింది రెండోది. హియరింగ్ మళ్ళీ మొదటికి, అంటే ఇంకో నెల. ఇప్పుడే బయటపడటం నయం. గెలిచి, పునాది పోశాక ఎవరైనా కోర్టుకెళ్తే అనుమతే కొట్టుకుపోవచ్చు.

దానికి క్లయింటు మాట: "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదండీ!" చెప్పడానికి వాళ్ళకి తెలిస్తే కదా. సాయంత్రం నుంచీ ఒళ్ళు మండుతున్నది ఆ మాటకే. నిజం చెప్పాలంటే, ఒక్క కవరుకి నెల పోగొట్టే ఈ నియమం మీదా కోపంగానే ఉంది.

యూక్లిడ్ కేసు గుర్తొచ్చింది. ఒహాయోలోని ఆ ఊరు 1922లో జోనింగ్ తెచ్చింది, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో మ్యాపు మీద గీతలు గీసింది. ఆంబ్లర్ రియల్టీ అనే కంపెనీకి అక్కడ 68 ఎకరాలు. ఫ్యాక్టరీలకైతే ఎకరం 10,000 డాలర్లు, ఇళ్ళకే పరిమితం చేస్తే 2,500 అని వాళ్ళ వాదన. మట్టి అదే, మ్యాపు మీద గీతే తేడా. కింది కోర్టులో కంపెనీ గెలిచింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో ఊరివైపు నిలిచింది. ఈ జోనింగ్ వృత్తి మొత్తం ఆ తీర్పు మీదే నిలబడింది. గీతకి అంత బలం ఉన్నప్పుడు, దాన్ని ఒకరికోసం జరిపేముందు పక్కవాళ్ళకి చెప్పమనడం అన్యాయం కాదు. కోపం సగం దిగింది.

సగమే. జస్టిస్ సదర్లండ్ రాసిన ఆ తీర్పే, విడి ఇళ్ళ మధ్య కట్టే అపార్ట్‌మెంటుని పరాన్నజీవి అంది. అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆర్డినెన్సు యజమానులకే చెప్పమంటుంది, అద్దెకున్నవాళ్ళ ఊసే లేదు. కిటికీ ముందు గోడ లేచేది వాళ్ళకే కదా.

రేపు జాబితా హద్దు నుంచి మళ్ళీ గీయాలి. కాండోలో యూనిట్ వారీగా యజమానుల పేర్లు తీయాలి. ప్రతి తలుపుకీ "నివాసి" అని ఇంకో కవరు కూడా. నియమం అడగకపోయినా.