చెన్నై ఎండలో సర్ఫ్‌బోర్డుకు గవిసెన

రెండేళ్ల క్రితం చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో ఒక మిత్రుడి దగ్గర 7 అడుగుల 6 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్న పాత సర్ఫ్‌బోర్డు ఒకటి కొన్నాను. అతడు దానితో పాటు ఊరికే ఇచ్చిన నల్లటి పలుచని సంచిలోనే బోర్డును ఉంచి, తిరువాన్మియూరులో మేము అద్దెకుంటున్న ఇంటి మేడ మీది రేకుల గదిలో గోడకు ఆనించి నిలబెట్టాను. అప్పుడు మే నెల, తమిళులు కత్తిరి వెయ్యిల్ అని పిలిచే అగ్ని నక్షత్రపు రోజులు. పదిహేను రోజుల తరువాత జిప్పు తీసి చూస్తే, కాళ్లు జారకుండా పైన రాసే మైనం పూర్తిగా కరిగి, సంచి లోపలి గుడ్డను తడిపి, అడుగున ముద్దగా పేరుకుని ఉంది. బోర్డు ముందు భాగంలో అరచేయంత మేర పైపొర లోపలి ఫోము నుంచి విడిపోయి అప్పడంలా ఉబ్బింది. ఆ ఉబ్బును కోసి, ఎండబెట్టి, మళ్లీ రెజిన్, అంటే ఆరితే రాయిలా గట్టిపడే జిగురు, పోసి సరిచేయించడానికి అయిన ఖర్చుతో ఒక మంచి తొడుగు వచ్చి ఉండేదని తరువాత తెలిసింది.

వీణకూ వింటికీ తొడిగే గుడ్డ తొడుగుకు తెలుగులో గవిసెన అనే చక్కని పాత మాట ఉంది. ఇప్పుడు ఎవరూ వాడడం లేదు గనుక ఈ వ్యాసంలో నేను వాడుకుంటాను. సర్ఫ్‌బోర్డుకు గవిసెన ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను చూసినవి, కొని నష్టపోయినవి, చివరకు కుట్టించుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బోర్డు నిర్మాణం కొంత తెలియాలి. పాత పద్ధతిలో చేసిన బోర్డులలో పాలీయురెథేన్ ఫోము చుట్టూ పాలియెస్టర్ రెజిన్‌తో తడిపిన ఫైబర్ గ్లాసు గుడ్డ ఉంటుంది. నా బోర్డు వంటి వాటిలో మనం థర్మోకోల్ అని పిలిచే జాతికి చెందిన ఈపీఎస్ ఫోము మీద ఎపాక్సీ రెజిన్ పొర ఉంటుంది. రెండింటిలోనూ గట్టిదనానికి ఆధారం పైపొరే. అది కోడిగుడ్డు పెంకు లాగా బరువును అంతటా పంచుకుని మోయగలదు గాని, గేటు మూలో మెట్టు అంచో ఒక్కచోట తగిలితే చిట్లిపోతుంది. సర్ఫింగ్ చేసేవారు డింగ్ అని పిలిచే ఆ చిట్లు నుంచి నీరు లోపలికి దిగితే బోర్డు బరువెక్కుతుంది, లోపల తడి ఆరడానికి వారాలు పడుతుంది. ఇక వేడి సంగతి. ఫోములో చిక్కుకున్న గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు పెరిగితే దాని పరిమాణం దాదాపు పదో వంతు పెరగాలని చూస్తుంది. పెరగడానికి చోటు లేనప్పుడు అది పైపొరను నెడుతుంది, అతుకు బలహీనంగా ఉన్నచోట పొర లేచిపోతుంది. మా రేకుల గదిలో జరిగింది అదే. కొన్ని ఎపాక్సీ బోర్డులకు ఈ గాలి పోవడానికి చిన్న మర ఉంటుంది గాని నా దానికి లేదు. వీటికి తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రెజిన్ పసుపెక్కి క్రమంగా పెళుసుబారుతుంది.

సంచులు అమ్మేవారు దెబ్బల సంగతే ఎక్కువగా చెబుతారు. నేను నెలకు రెండు ఆదివారాలు సముద్రానికి వెళతాను, వెళ్లిన రోజున బోర్డు ప్రయాణంలో ఉండేది మహా అయితే మూడు గంటలు. మిగతా నెలంతా అది ఇంట్లోనే ఉంటుంది. చెన్నైలో ఆ ఇల్లు వేడిగానైనా ఉంటుంది, తేమగానైనా ఉంటుంది, చాలా నెలలు రెండూ. 2003 మే నెలాఖరున ఈ నగరంలో 45 డిగ్రీల ఎండ నమోదైంది. అంతటి రోజులు అరుదే గాని, 40 దాటిన మధ్యాహ్నాలు దాదాపు ఏటా వస్తూనే ఉంటాయి. అందువల్ల ప్రయాణం కోసం సంచి కొని, అదే ఇంట్లోనూ సరిపోతుందిలే అనుకోవడం ఇక్కడ తలకిందుల లెక్క అవుతుంది.

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది మేజోడు లాగా సాగే అల్లిక గుడ్డతో చేసిన తొడుగు. దానిని సాక్ అనే పిలుస్తారు. గీతలు పడకుండా, మైనం కారు సీటుకు అంటకుండా ఆపడం తప్ప అది దెబ్బను ఆపదు. రెండోది 5 మిల్లీమీటర్ల ఫోము పొర ఉన్న సంచి, రోజువారీ రాకపోకలకు ఉద్దేశించినది. మూడోది 10 మిల్లీమీటర్ల ఫోముతో, ముక్కు దగ్గర, తోక దగ్గర అదనపు పొరలతో విమాన ప్రయాణానికి చేసేది. ఇందులోనే రెండు మూడు బోర్డులు పట్టేంత లోతైన సంచులు ఉన్నాయి, వాటికి శవపేటిక అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగినప్పుడు చూడడానికి వెళితే, క్రీడాకారులు అటువంటి సంచులను ఇద్దరిద్దరుగా మోసుకుపోతూ కనిపించారు. నాతో వచ్చిన మా అమ్మకు ఆ పేరు చెప్పకుండా ఉండడం మంచిదనిపించింది.

సంచి మీద రాసిన మిల్లీమీటర్ల అంకెను మాత్రమే నమ్మకూడదని నేను రెండో కొనుగోలులో నేర్చుకున్నాను. ఆన్‌లైనులో తెప్పించిన ఆ సంచిలో 10 మిల్లీమీటర్లు ఉన్న మాట నిజమే, కాని అది దిండులో వాడే స్పాంజి వంటి ఫోము. బొటనవేలితో నొక్కితే రెండు పొరలూ కలిసిపోయేవి. పైగా తడి బోర్డు పెడితే ఆ స్పాంజి నీరు తాగి రెండు రోజులు విడిచేది కాదు. కావలసింది గాలి గదులు విడివిడిగా మూసుకుని ఉండే ఫోము, అంటే కొత్త టీవీ అట్టపెట్టెలో వచ్చే తెల్లటి ఈపీఈ షీటు వంటిది. దానిని నొక్కితే వేలు వెంటనే పైకి నెట్టబడుతుంది, నీటిబొట్టు వేస్తే ఇంకదు. అటువంటి ఫోము 5 మిల్లీమీటర్లున్నా స్పాంజి 10 మిల్లీమీటర్ల కన్నా మేలని నా అభిప్రాయం. దుకాణంలో చూసే అవకాశం ఉంటే సంచి మధ్యలో నొక్కి వదిలేయకుండా జిప్పు పక్కన, అంచు మలుపు దగ్గర కూడా వేళ్లతో పట్టి చూడాలి. బోర్డుకు ఎక్కువ దెబ్బలు తగిలేది అంచులకే. కొందరు తయారీదారులు సరిగ్గా అక్కడే ఫోము ఆపేసి ఉత్త గుడ్డ కుట్టేస్తారు.

పైగుడ్డ రంగు విషయంలో నాకు ఇప్పుడు సందేహం లేదు. నల్ల సంచి ఎంత అందంగా ఉన్నా చెన్నైలో అక్కర లేదు. వెండి రంగు పూత ఉన్న గుడ్డ ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. చాలా సంచులకు ఆ పూత ఒకవైపే ఉంటుంది, రెండో వైపు ముదురు రంగు పాలియెస్టర్ గుడ్డ ఉంటుంది, కనుక ఎండలో పెట్టవలసి వస్తే వెండి వైపు పైకి ఉండాలి. అయితే ఎండ తగిలే కారులో, అద్దాలు మూసి బోర్డును వదిలి ఇడ్లీ తినడానికి వెళితే ఏ రంగు సంచీ కాపాడదు. సంచి వేడిని ఆలస్యం చేస్తుంది గాని ఆపదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. కొన్ని గుడ్డలకు నీరు దిగకుండా లోపలి వైపు పాలీయురెథేన్ పూత వేస్తారు. మన తీరపు తేమలో ఆ పూత కొన్నేళ్లకు జిగురుగా మారి, పాత రెయిన్‌కోటు లోపల రాలినట్టు పొరలు పొరలుగా రాలిపోతుంది. బోర్డు మీది మైనానికి ఆ పొట్టు అంటుకుంటే తీయడం నరకం.

కొలత దగ్గర అందరూ పొడవే చూస్తారు. సంచి మీద రాసిన పొడవు సాధారణంగా అందులో పట్టే బోర్డు పొడవు, అందులో రెండు మూడు అంగుళాల వదులు ముందే కలిసి ఉంటుంది. నేను ముందుచూపు అనుకుని 8 అడుగుల సంచి తెప్పిస్తే, లోపల బోర్డు అటూ ఇటూ జారుతూ, మెట్లు దిగేటప్పుడు తోక వైపు బరువంతా ఒకే కుట్టు మీద పడేది. అంతకన్నా ముఖ్యమైనవి వెడల్పు, ముక్కు ఆకారం. సూదిముక్కు బోర్డుకు చేసిన సంచిలో గుండ్రటి ముక్కు బోర్డు పొడవు సరిపోయినా పట్టదు, బలవంతంగా తోస్తే జిప్పు పళ్లు విడిపోతాయి. బోర్డును నేల మీద పరిచిన పాత వార్తాపత్రికల మీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, ఆ కాగితాన్ని సంచి కొలతలతో పోల్చుకోవడం నాకు తెలిసిన సులువైన మార్గం. అడుగున ఉండే ఫిన్నులు, అంటే చేప రెక్కల వంటి పలకలు, ఊడదీసేవి అయితే సంచికి వాటి కోసం చీలిక అక్కర లేదు. ఊడనివి అయితే చీలిక ఉండాలి, ఆ చీలిక చుట్టూ రెట్టింపు గుడ్డ వేసి కుట్టి ఉండాలి.

జిప్పు గురించి రెండు మాటలు చాలు. పళ్లు ప్లాస్టిక్‌వి, లావుగా ఉన్నవి కావాలి. లోహపు జిప్పు ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలో బిగుసుకుపోతుంది. పళ్లు ప్లాస్టిక్‌వే అయినా వాటి మీద నడిచే లాగుడు ముక్క తరచు లోహంతోనే చేస్తారు కనుక, ప్రతిసారీ మంచినీటితో కడిగి, నెలకొకసారి కొవ్వొత్తి ముక్కతో రుద్దడం నేను అలవాటు చేసుకున్నాను.

కొన్న రెండు సంచులూ ఇలా తేలిపోయిన తరువాత కుట్టించుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. అన్నా సాలై పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సీట్ల కవర్లు కుట్టే దుకాణాలు వరుసగా ఉన్నాయి. అందులో ఒక చోట నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన మిషను ముందు కనిపించారు. నేను పరిచిన వార్తాపత్రికల నమూనా చూసి, "ఏంది సార్ ఇది, పడవకా?" అని అడిగారు. సంగతి చెప్పిన తరువాత ఆయన వేసిన ప్రశ్నలు, ఏ సంచి అమ్మకందారూ నన్ను అడగనివి: దీన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తుతారు, నిలబెడతారా పడుకోబెడతారా, లోపలికి నీళ్లు వస్తాయా. పట్టీని పైగుడ్డకు మాత్రమే కుడితే బరువుకు గుడ్డ చినుగుతుందని, దానిని సంచి చుట్టూ అడుగు నుంచి పూర్తిగా తిప్పి కుట్టారు. నూలుదారం ఉప్పునీటికి చివికిపోతుందని నైలాన్ దారం వాడారు. తోక వైపు అడుగున రెండు ఇత్తడి కన్నాలు పెట్టించుకున్నాను, లోపలి నీరు కారిపోవడానికి, కాస్త గాలి ఆడడానికి. వెండి పూత గుడ్డ, ఈపీఈ ఫోము నేను చెన్నైలోని ప్యారీస్ కార్నర్ బజారు వైపు తిరిగి తెచ్చుకున్నవే. కుట్టుకూలితో కలిపి రెండో సంచి ధరలో సగం దాటలేదు. అందం మాత్రం తక్కువ. జిప్పు దగ్గర చిన్న వంకర ఉంది.

కారు కప్పు మీద బోర్డు కట్టడంలోనూ ఈ గవిసెనకు పని ఉంది. ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, మీద కోవళం వెళ్లేటప్పుడు ముట్టుకాడు వంతెన దగ్గర సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. సంచి వదులుగా ఉంటే గాలి నిండి తెరచాపలా ఎగసిపడుతుంది. అందుకే పక్కల రెండు బిగింపు పట్టీలు కుట్టించాను. బోర్డును మనం నిలబడే వైపు కిందికి ఉండేలా బోర్లించి, ఫిన్నులు ఊడదీసి, పట్టీలను మరీ గట్టిగా లాగకుండా, బకిల్ బోర్డు అంచు మీదికి రాకుండా చూసి కడతాను. బిగుతైన పట్టీ కింద పైపొర సొట్టపడడం నేను ఇతరుల బోర్డుల మీద చూశాను. పట్టీని ఒక్క మెలిక తిప్పి కడితే గాలికి వచ్చే ఆ భరించలేని గుంయ్ శబ్దం కూడా తగ్గుతుంది.

విశాఖపట్నంలో ఉన్న తమ్ముడు రుషికొండలో సర్ఫింగ్ మొదలుపెట్టి బోర్డు అడిగినప్పుడు రైలు పార్సిలులో పంపవలసి వచ్చింది. పార్సిలు పెట్టెలో ఎవరి సామాను ఎవరి మీద పడుతుందో చెప్పలేము గనుక, ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోము గొట్టాలు కొని, నిలువునా చీల్చి, బోర్డు అంచుల వెంట చుట్టూ తొడిగాను. ముక్కుకూ తోకకూ అట్టపెట్టె ముక్కలు మడిచి కట్టి, ఆ పైన గవిసెన వేశాను. ఫిన్నులను, వాటి మరలు తిప్పే చిన్న తాళపుచెవిని ఒక సాక్సులో చుట్టి ఫోముకు అంటించాను, లేకపోతే అవే లోపలి నుంచి బోర్డును గుద్దుతాయి. చేరిన తరువాత తమ్ముడు ఫోను చేసి, బోర్డు బాగానే ఉంది గాని, అన్నయ్యా, దాన్ని విప్పడానికి గంట పట్టిందని విసుక్కున్నాడు. మూడు నెలల తరువాత అదే మూటలో తిరిగి పంపాడు.

ఇప్పుడు బోర్డు మేడ మీద ఉండడం లేదు. పడకగదిలో పడమటి ఎండ తగలని గోడకు, అడుగున పాత కాలిపట్టా వేసి, అంచు మీద నిలబెట్టాను. సముద్రం నుంచి రాగానే కడిగి, నీడలో ఆరబెట్టిన తరువాతే తొడుగులో పెడతాను. జిప్పు ఎప్పుడూ సగం తెరిచే ఉంచుతాను, ఎందుకంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మూసి ఉంచిన సంచిలో బూజు పట్టడానికి నాలుగు రోజులు చాలు. అమ్మ తన పాత నూలుచీర ఒకటి లోపలి పొరగా బోర్డుకు చుట్టింది. తడిని పట్టి ఉంచుతుందని మొదట వద్దన్నాను. ఆరిన బోర్డుకు చుడితే మైనం సంచికి అంటడం ఆగిందని తరువాత ఒప్పుకోవలసి వచ్చింది, చీరను మాత్రం వారం వారం ఉతుకుతున్నాము. పోయిన నెల జిప్పు లాగుడు ముక్క తుప్పుపట్టి ఊడిపోతే, దాని స్థానంలో నైలాన్ తాడు ముడి వేసి వాడుతున్నాను.