‘పోస్ట్’ కార్డులు పూర్తయ్యాయి

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు కార్డుల మీద రాసిపెట్టుకునే నా సరదాలో ఈ విడత ‘పోస్ట్’ పని పూర్తయింది. ఇంత తృప్తినిచ్చిన మాట ఇప్పటిదాకా ఇంకోటి తగల్లేదు. హైదరాబాద్‌లో రోజూ ఈ మాట ఎన్ని రకాలుగా వింటామో చూడండి. పోస్టులో ఉత్తరం వచ్చింది, గ్రూప్ టూలో పోస్టులు పడ్డాయి, పోస్టింగ్ వరంగల్‌లో ఇచ్చారు, ఫేస్‌బుక్‌లో పోస్ట్ పెట్టాడు, పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంకా రాలేదు, పరీక్ష పోస్ట్‌పోన్ అయింది. అన్నీ ఒక్క మాటే అనిపిస్తుంది. వెనక్కి వెళ్తే మూడు వేర్వేరు లాటిన్ మాటలు తేలాయి.

ముందు పద్ధతి చెప్తాను, ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. మూడు అంగుళాలు బై ఐదు అంగుళాల గీతల కార్డులు తీసుకోండి. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. పైన ఎడమవైపు మాట, కుడి మూల నిఘంటువులో ఆ మాట నెత్తిన ఉండే చిన్న అంకె. ఆ అంకె చాలా ముఖ్యం. మంచి ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఒకే స్పెల్లింగ్ ఉన్నా పుట్టుక వేరైతే విడిగా ఆరోపం, అంటే అర్థాలు ఇచ్చే తలమాట, ఇచ్చి 1, 2, 3 అని వేస్తారు. ఒకే అంకె కింద ఉన్న అర్థాలు ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవి. కార్డు మధ్యలో ఒక వాక్యం, కింద మూలం. వెనకవైపు ఆ అర్థాన్ని తెలుగులో నేను ఎక్కడ విన్నానో, ఏ బోర్డు మీద చూశానో రాస్తాను.

ఆన్‌లైన్‌లో మాటల పుట్టుక చెప్పే ఎటిమాన్‌లైన్ సైటు, మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఉచితంగా చూడొచ్చు. నాకు మాత్రం కాగితం మీదే పని సాగుతుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువులు దొరుకుతాయి. కొనేముందు రెండు చూడండి. ముందు పేజీల్లో సంక్షిప్తాల పట్టిక ఉందా? అది లేకపోతే ఓ.ఎఫ్. అంటే పాత ఫ్రెంచ్ అని, ఎం.ఇ. అంటే మధ్యయుగపు ఇంగ్లిష్ అని కొత్తవాళ్లకు తెలియదు. రెండోది, ‘ఎస్’ అక్షరం దగ్గర బైండింగ్ గట్టిగా ఉందా? ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఎక్కువ పేజీలు తినేది అదే.

ఇక అసలు విషయం. మొదటిది లాటిన్ ‘పోస్టిస్’, గుమ్మానికి పక్కన నిలబెట్టే కొయ్య. ల్యాంప్ పోస్ట్, గోల్ పోస్ట్ దీని సంతానం. ఊళ్లో అందరికీ తెలియాల్సిన ప్రకటనల్ని అలాంటి కొయ్యలకు, గుంజలకు కొట్టేవాళ్లు. అలా ‘పోస్ట్ చేయడం’ అంటే నలుగురి కళ్లబడేలా అంటించడం అయింది. అందులోంచే పోస్టర్ వచ్చింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో గోడ నిండా ఉండే సినిమా పోస్టర్లు, ఫోన్‌లో మనం పెట్టే పోస్టులు, రెండూ ఈ కొయ్య వంశమే. ఫేస్‌బుక్ పోస్ట్‌కు పోస్టాఫీసుతో చుట్టరికం ఉంటుందనే చాలామంది అనుకుంటారు. లేదు, దాని చుట్టం కరెంటు స్తంభం. ఈ కార్డు రాసిన రోజంతా నాకు అదే సంతోషం.

రెండోది ‘పోనెరె’, అంటే పెట్టడం, ఉంచడం. ఇదే అన్నిటికంటే పెద్ద కట్ట. దారి పొడవునా కొంత కొంత దూరంలో గుర్రాలను, రౌతులను ఉంచేవాళ్లు. ఒకడు తెచ్చిన సంచి తర్వాతివాడు అందుకుని పరుగెత్తేవాడు. అలా ‘ఉంచిన’ మజిలీని ఇటాలియన్‌లో ‘పోస్టా’ అన్నారు. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి, ముందు రౌతుకు, తర్వాత వాడు మోసే ఉత్తరాలకు, చివరికి ఆ ఏర్పాటు మొత్తానికి పేరైంది. 16వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర ఈ పని చూసేందుకు బ్రయన్ ట్యూక్ అనే అధికారి ఉండేవాడు. మన దగ్గర ‘డాక్’ నడిచిన దారీ ఇదే. డాక్ అంటే మజిలీ మజిలీకి మనుషుల్ని, గుర్రాల్ని మార్చుకుంటూ సాగే ప్రయాణం. అదే ఉత్తరాలకు పేరైంది, ప్రయాణికులు ఆగే ఇల్లు డాక్ బంగ్లా అయింది. రెండు దేశాల్లో రెండు మాటలు ఒకే బాటన నడవడం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అదే పోనెరె నుంచి ఇటాలియన్‌లో ‘పోస్టో’ కూడా వచ్చింది. సైనికుణ్ణి నిలబెట్టిన చోటు, ఆ తర్వాత మనిషికి అప్పగించిన కొలువు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా పిల్లలు కూర్చుని చదివేది ఈ పోస్టు కోసమే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ కార్డు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. చెక్‌పోస్ట్ అనగానే రోడ్డుకు అడ్డంగా పైకీ కిందికీ లేచే కర్ర కళ్లముందు మెదులుతుంది కాబట్టి కొయ్య వంశంలో వేయాలనిపిస్తుంది. కానీ ఇక్కడ పోస్ట్ అంటే కర్ర కాదు, కాపలావాళ్లను ఉంచిన చోటు. అవుట్‌పోస్ట్ కూడా అంతే. బ్యాంకు డిపాజిట్, మిద్దె తోటల కంపోస్ట్ కూడా పోనెరె పిల్లలే. కంపోస్ట్ అంటే కలిపి పెట్టినది.

మూడోది ‘తర్వాత’ అనే అర్థమున్న లాటిన్ ‘పోస్ట్’. పోస్ట్‌మార్టం, పోస్ట్ గ్రాడ్యుయేషన్, ఉత్తరం చివర పి.ఎస్., గడియారంలో పి.ఎం. ఇక్కడ పెద్దగా చెప్పేది లేదు, ఒక్క ‘పోస్థ్యుమస్’ తప్ప. చనిపోయాక ఇచ్చే అవార్డుకు ఆ మాట వాడతారు. దాని లాటిన్ మూలం ‘పోస్టుముస్’, అంటే చిట్టచివరిది. ‘హుముస్’ అంటే మట్టి కాబట్టి పూడ్చిపెట్టడానికి సంబంధం ఉందనుకుని ‘హెచ్’ అక్షరం తర్వాత చొప్పించారు.

పోస్ట్‌పోన్‌కు రెండు రంగుల స్కెచ్ పెన్నులు వాడాను. అందులో మొదటి సగం ‘తర్వాత’, రెండో సగం ‘పెట్టు’, అంటే రెండు వంశాలూ ఒకే మాటలో ఉన్నాయి. అదే తీరులో తయారై మన దగ్గర బాగా వాడుకలో ఉన్న ప్రీపోన్‌కు కూడా విడిగా కార్డు రాశాను. చక్కగా కుదిరిన మాట అది, తప్పు అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఒక జాగ్రత్త. న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది అబద్ధం, ‘కొత్తవి’ అనే మాటే న్యూస్. పాత మాటకు పొడి అక్షరాల కథ చెప్తే మాత్రం నిఘంటువు చూడకుండా కార్డు ఎక్కించకండి.

ఈ పని చేస్తుంటే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే తరచూ గుర్తొస్తాడు. ఆ నిఘంటువు కోసం ఎక్కడెక్కడి పాఠకులో చీటీల మీద వాక్యాలు రాసి ఆయనకు పంపేవాళ్లు. ఉత్తరాల రాకపోకలు ఎంత ఎక్కువంటే ఆయన ఇంటి ముందే తపాలా శాఖ ఒక పోస్ట్ డబ్బా పెట్టింది. మొదటి భాగం 1884లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1928. మర్రే 1915లోనే పోయాడు.

తర్వాతి మాట ‘బ్యాంక్’. డబ్బు బ్యాంక్ ఇటాలియన్ బల్ల నుంచి, నది ఒడ్డు స్కాండినేవియా వైపు నుంచి వచ్చాయి కాబట్టి నిఘంటువులో అంకెలు వేరు. ఇంకా వెనక్కి వెళ్తే రెండూ ఒకే జర్మానిక్ మూలానికి చేరతాయి. అందుకని కార్డు కింద ఇంకో గీత వదిలి, మూలానికి మూలం కూడా రాయడం మొదలుపెట్టాను.