జేబులో ఎన్టీఆర్, బల్బులో నీళ్లు

బడి గంట కంటే టాకీసు మైకునే నేను ఎక్కువగా నమ్మేవాణ్ణి. సాయంత్రం ఘంటసాల ‘నమో వెంకటేశా’ రికార్డు వినపడితే ఫస్టు షోకి టిక్కెట్లు ఇస్తున్నారని ఊరంతటికీ తెలిసేది. ప్రైవేటులో కూర్చున్న మన పదోతరగతి వాళ్లకు మాత్రం ఆ పూటకి చదువు చెడినట్టే.

విజయవాడలో మారుతీ టాకీసు 1921లోనే వెలిసింది. మన ఊళ్లో పెద్దవాళ్లు చాలాకాలం డేరా కిందే బొమ్మ చూశారట. మన నాటికి రేకుల షెడ్డు వచ్చింది. ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. నేలలో ఇసుక గుట్టగా పోసుకుని దానిమీద కూర్చుంటే ముందువాడి తల అడ్డురాదు. వెనకవాడి తిట్లు మాత్రం తప్పవు.

విజయవాడ గాంధీనగరంలోని సినిమా పంపిణీ ఆఫీసుల నుంచి ప్రింటు మనదాకా వచ్చేసరికి పెద్ద ఊళ్లన్నీ తిరిగి నలిగిపోయి ఉండేది. అంచు రంధ్రాలు చిరిగి, ప్రొజెక్టరు మెషిన్లో తెగేది. తెగినప్పుడల్లా ఆపరేటరు పాడైన గళ్లు (ఒక్కో బొమ్మ ఒక్కో గడి) కత్తిరించి, రెండు కొసలూ గీకి, జిగురుతో అతికేవాడు. ఫిల్ము అడుగుకి 16 బొమ్మలు, తెరమీద సెకనుకు 24. అంటే అడుగున్నర కత్తిరిస్తే కథలో ఒక సెకను మాయం. చెట్టుకింద పాడుతున్న హీరోయిను ఉన్నట్టుండి ఏటి ఒడ్డున తేలేది. నేలంతా ఈలలు. మనం మాత్రం లోలోపల సంతోషించేవాళ్లం, ఎందుకంటే ఆ పోయిన ముక్క మర్నాడు పొద్దున్న ఆపరేటరు కేబిన్ వెనక చెత్తలో దొరుకుతుంది.

మెషిన్లో వెలుగు కోసం కాల్చే, రాగిపూత ఉన్న కార్బన్ పుల్లల మొండి ముక్కలు కూడా అక్కడే దొరికేవి. వాటికి గిరాకీ తక్కువ. అసలు వ్యాపారం ఫిల్ము ముక్కలదే. ఎన్టీఆర్ నిండుగా పడిన ముక్కకు నాలుగు గోళీలు, ఏయన్నార్‌కు కూడా అంతే (దీనిమీద జరిగిన కొట్లాటలు ఇప్పుడు తవ్వను). విలన్‌కు రెండు. ఉత్త చెట్లూ చేమలూ అయితే కొసరు.

ఆదివారం మా పశువుల పాకలో ఆట. ఫ్యూజు పోయిన బల్బు అడుగు జాగ్రత్తగా పగలగొట్టి, నీళ్లు నింపితే అదే భూతద్దం. బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండను తలుపు సందులోంచి లోపలికి కొట్టాలి. ఫిల్మును తలకిందులుగా పెడితే తాతయ్య పంచెమీద బొమ్మ నిటారుగా నిలబడేది. కదలదు, మాట్లాడదు. డైలాగులు మనమే చెప్పేవాళ్లం. సూర్యుడు జరిగిన కొద్దీ అద్దంవాడూ జరగాలి. వాడికి ఆట ఎప్పుడూ కనపడలేదు. ఆ అద్దంవాడు ఇది చదువుతూ ఉంటే, ఒరేయ్, క్షమించు.

ఒకసారి లెక్కల మాస్టారు నా డబ్బా మొత్తం లాక్కున్నారు. లాక్కుని, ఒక్కొక్క ముక్కా కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, రెండు మాత్రం ఉంచుకుని మిగతావి ఇచ్చేశారు. ఏవి ఉంచుకున్నారో చెప్పను.

తరవాత కార్బన్ పుల్లలు పోయి జెనాన్ దీపాలు వచ్చాయి, ఆపైన డిజిటల్ వచ్చి రీళ్లే పోయాయి. టాకీసు కల్యాణమండపం అయింది. మొన్న ఇల్లు సర్దుతుంటే జామెట్రీ బాక్సులో ఒక ముక్క దొరికింది. మూడు గళ్లు. రంగులన్నీ వెలిసి ఎరుపొక్కటే మిగిలింది. కిటికీకి పెట్టి చూశాను. హీరో లేడు, హీరోయిను లేదు. వెనక ఎవరో బిందెతో నీళ్లు తీసుకెళుతున్నారు.