మొక్కకు మార్చి 31 తెలియదు

2019 ఫిబ్రవరి చివరి వారం. పాడేరు దగ్గర పనిచేసే మా చిన్న స్వచ్ఛంద సంస్థకు ఒక కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు, ఇచ్చింది. కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ మొక్కలు నాటాలి, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. మొక్కల లారీ వచ్చిన రోజు ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "వానలు పడ్డాక నాటితే బతుకుతాయి కదమ్మా, ఇప్పుడెందుకు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నాటించాం, ఫొటోలు తీశాం, రిపోర్టు పంపాం. మే నెలలో వెళ్లి చూస్తే చాలావరకు ఎండిపోయాయి. వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసి పోసిన ఆడవాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

ఇవే కొండల్లో, అరకు వైపు, అంతకుముందే ఇంకో పద్ధతిలో పని జరిగింది. నాందీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి ఆదివాసీ రైతులతో కలిసి సుమారు 60 లక్షల చెట్లు నాటించింది. డానోన్ లాంటి యూరప్ కంపెనీలు కలిసి పెట్టుకున్న లైవ్లీహుడ్స్ ఫండ్ అందుకు ముందుగానే డబ్బు పెట్టింది. ఆ చెట్లు పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి, ఇరవై ఏళ్ల పాటు ఆ కంపెనీలకు కార్బన్ క్రెడిట్లు, అంటే తమ కాలుష్యానికి బదులుగా చూపించుకునే పత్రాలు, ఇస్తారు. చెట్టు బతికితేనే కంపెనీకి ఏదైనా దక్కేది! కార్బన్ లెక్కల మీద నాకు సందేహాలు లేకపోలేదు. కానీ చెట్టు బతకడం రైతుకు ఎంత అవసరమో డబ్బు పెట్టినవాళ్లకీ అంతే అవసరమయ్యేలా కుదిరిన ఆ ఒప్పందం మాత్రం నాకు చాలా నచ్చింది. అరకు కాఫీకి 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణమే వెలిసింది.

కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది; ఒక్క ఏడాది గడువు దానికి చాలదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. 2021లో నిబంధనలు మారాక, మొదలుపెట్టిన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్లు ఒకే పనిని కొనసాగించే వీలు వచ్చింది. మా దగ్గరికి వచ్చే కంపెనీల్లో చాలావాటికి ఈ సంగతి మేమే గుర్తుచేయాల్సి వస్తోంది.

పోయిన వారం విశాఖలో ఒక కంపెనీ వాళ్లతో కూర్చున్నాం. ఒప్పందంలో మొదటి పేరాలోనే రాయించాను: వానలు పడ్డాకే మొక్కలు దించాలి, మూడో ఏడు బతికున్న మొక్కలు లెక్కపెట్టాకే చివరి రిపోర్టు. వాళ్ల మేనేజర్ కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. జూన్‌లో మొదటి గుంతలు ఆ పెద్దాయన తోటలోనే తవ్వుతాం.