ఫానన్ వార్డులో కాఫీ కొట్టు

వలస పాలన మీద పుస్తకాలు రాసిన ఫ్రాంజ్ ఫానన్ పేరెత్తితే చాలు, బెంగళూరులో నాకు తెలిసిన పుస్తకాల మిత్రులంతా హింస, విప్లవం, ఆయన చివరి పుస్తకానికి ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ రాసిన ముందుమాట అంటూ మొదలుపెడతారు. నేను మానసిక రోగుల వార్డులో నర్సుని. నాకు ఆయన ముందు డాక్టరు, తర్వాతే మిగతావన్నీ.

పుట్టింది 1925లో, కరేబియన్ దీవి మార్టినిక్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడి గాయపడ్డాడు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మెడిసిన్ చదువుతూ థీసిస్ కోసం రాసింది అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. అదే 1952లో ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’ పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది, అప్పట్లో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాలో బ్లిడా మానసిక వైద్యశాలలో చేరాడు.

నాకు ఇష్టమైన కథ అక్కడే ఉంది. ఆయన చేతికింద 165 మంది యూరోపియన్ ఆడవాళ్ళు, 220 మంది ముస్లిం మగవాళ్ళు. ఆడవాళ్ళకి మీటింగులు, సినిమాలు, పండగలు, సొంతంగా ఒక పత్రిక పెడితే వార్డు కళ మారిపోయింది. అవే మగవాళ్ళ వార్డులో పెడితే ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. బుట్టలల్లమంటే అది మగవాళ్ళ పనా అన్నట్టు చూశారు. చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. డాక్టరుకి అరబిక్ రాదు, మధ్యలో దుబాసీ. లోపం రోగుల్లో లేదు, తమ పద్ధతిలోనే ఉందని ఫానన్, ఆయన జూనియర్ అజూలే 1954లో వ్యాసం రాసి ఒప్పుకున్నారు. ఆ తర్వాత వార్డుకి ఒక కాఫీ కొట్టు వచ్చింది. వాళ్ళ పండగలు, కథలు చెప్పే మనిషి, ఫుట్‌బాల్ మైదానం వచ్చాయి.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ‘యాక్టివిటీ అవర్’ అని ఒకటుండేది. హిందీలో సూచనలు, కాగితం పూలు. పుంగనూరు వైపు రైతు ఒకాయన కత్తెర పక్కన పెట్టేసి, “ఇదేం పని తల్లీ మాకు?” అన్నాడు. సాయంత్రం అదే మనిషి వరండాలో సుద్దముక్కతో పులిజూదం గీశాడు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. నెలల తరబడి నోరు విప్పని కుర్రాడు పక్కన కూర్చుని, “ఆ మేక పోతుంది మామా” అన్నాడు. మర్నాడు నేల పాడైందని పైవాళ్ళు గొడవ చేశారు, అది వేరే సంగతి!

ఫానన్ చివరి పుస్తకం మీద అంత చర్చ చేసేవాళ్ళు దాని చివరి అధ్యాయం దగ్గరికి రారేమో అనిపిస్తుంది. అందులో ఉన్నవి కేసు షీట్లు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధంలో ఖైదీల్ని చిత్రహింసలు పెట్టే ఒక పోలీసు అధికారి ఇంట్లో పెళ్ళాంబిడ్డల్ని కూడా కొట్టడం మొదలుపెట్టి ఆయన దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం మానడట. మనసు కుదుటపడి ఆ పని చేసుకునేలా వైద్యం చేయమంటాడు! ఫానన్ మాత్రం గొంతు పెంచకుండా, మనం నైట్ డ్యూటీ రిపోర్టు రాసినట్టే రాసుకుపోయాడు.

1956లో బ్లిడా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. మరుసటి ఏడాది అల్జీరియా నుంచి వెళ్ళగొట్టారు. పక్కదేశం ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్ళే రోగుల కోసం డే హాస్పిటల్ నడిపాడు. 1961 డిసెంబరులో లుకేమియాతో పోయాడు, 36 ఏళ్ళకే.

ట్యూనిస్‌లో విద్యార్థులకి పాఠాలు కూడా చెప్పాడు. ఒక విద్యార్థిని రాసుకున్న నోట్సు వల్ల అవి కొంత మిగిలాయి. హాజరు వేసే గడియారం పనివాడి మనసుని ఏం చేస్తుంది, పైవాళ్ళు వింటూనే ఉంటారని తెలిసిన టెలిఫోన్ ఆపరేటర్లకి ఎంత టెన్షన్ అన్నవి అందులో ఉన్నాయి. మావారు బొమ్మనహళ్ళిలో ఒక తెలుగు కాల్ సెంటర్‌లో చేస్తారు. ప్రతి కాల్ రికార్డింగే, బాత్రూంకి వెళ్ళినా నిమిషాల లెక్కే. ఆ భాగం తెలుగులో చెప్పి వినిపిస్తే, “ఈయన మా ఆఫీసుకెప్పుడొచ్చాడే?” అన్నారు.