కొత్త ఆక్సిజన్ సెన్సార్ బిగించాను

కొన్నాళ్లుగా కారులో వెలుగుతున్న చెక్ ఇంజన్ లైటు సంగతి ఇవాళ తేల్చేశాను. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే రీడర్ పెడితే వచ్చిన కోడ్ పీ0135. అంటే ఇంజన్‌కీ, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కీ మధ్యనుండి, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్‌లో హీటర్ సర్క్యూట్ దెబ్బతిందని. కోడ్ చూసి వెంటనే కొత్త సెన్సార్ కొనేయడం నాకు నచ్చదు. ఫ్యూజు పోయినా, వైరు తెగినా ఇదే కోడ్ వస్తుంది. ఫ్యూజు బాగానే ఉంది. కనెక్టర్ ఊడదీసి రెండు హీటర్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే, కొద్దిపాటి ఓమ్‌లు చూపించాల్సింది అసలేమీ చూపించలేదు. లోపలి తీగే తెగిందన్నమాట. అప్పుడు కొన్నాను.

ఆ హీటర్ లేకపోతే ఏమవుతుందంటే, సెన్సార్ లోపలి జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ పనిచేయదు. 1976లో బాష్ వాళ్లు వోల్వో కార్లకు ఇచ్చిన తొలి సెన్సార్లలో హీటర్ ఉండేది కాదు, పొగ వేడికే కాగాలి. అంతవరకూ ఇంజన్ పెట్రోలు అంచనా మీద పోసుకోవాల్సిందే.

పాతది ఊడదీయడమే అసలు పని. ఏళ్ల తరబడి వేడికి మరలు పట్టేసి ఉంటాయి. రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననిచ్చాను. ఇంజన్ కాసేపు నడిపి, పైపు గోరువెచ్చగా ఉండగా, వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ వేశాను. ముందు కదల్లేదు. బలం కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే కిర్రుమని వదిలింది. ఆ శబ్దం వినగానే నిజంగా ప్రాణం లేచొచ్చింది, మరలు చెడిపోయి ఉంటే పైపు దాకా పోయేది వ్యవహారం.

పాత సెన్సార్ కొనను వెలుతురులో పెట్టి చూశాను. చిల్లుల టోపీ మీద లేత బూడిద రంగు, అంతే. దట్టమైన నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని అనుమానించాల్సి వచ్చేది. ఇంజన్ ఆరోగ్యం ఇలా కళ్లతో చూడటం నాకెంత ఇష్టమో!

కొత్తదాని మరలకు పట్టేయకుండా ఉండే పేస్టు ముందే రాసి ఉంది. అది కొనకు తగలకూడదు, తగిలితే సెన్సార్ పాడవుతుంది. చివరిదాకా చేత్తోనే తిప్పి, ఆఖర్న టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్నట్టు 45 న్యూటన్ మీటర్లకు బిగించాను. వైరు మెలిపడకూడదని బిగింపు అయ్యాకే కనెక్టర్ పెట్టి, వైరును వేడి పైపుకు దూరంగా క్లిప్పులో ఇరికించాను. కనెక్టర్‌లో గ్రీజు మాత్రం పెట్టలేదు. చాలా సెన్సార్లు పొగలోని ఆక్సిజన్‌తో పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి.

కోడ్ చెరిపి ఇంజన్ స్టార్ట్ చేసి రీడర్‌లో వోల్టేజీ గీత చూస్తూ కూర్చున్నాను. కాసేపటికే అది 0.1కీ 0.9కీ మధ్య పైకీ కిందకీ ఊగడం మొదలైంది. పెట్రోలు కాస్త ఎక్కువైతే పైకి, గాలి ఎక్కువైతే కిందకి. ఇంజన్ తనను తాను సరిదిద్దుకుంటోంది. ఎంతసేపైనా చూడాలనిపించింది.

కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సార్ రీడింగు నిలకడగానే ఉంది, దాని జోలికి పోలేదు. రేపు ఇంజన్ పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేసి కాస్త దూరం తిప్పి, హీటర్ పరీక్ష పూర్తయిందో లేదో రీడర్‌లో మళ్లీ చూడాలి.